తర్వాత వచ్చే మనిషి కోసం

1977లో హవాయిలోని ఓవాహు దీవిలో ఒక రిలే పరుగు ముగిశాక, బహుమతులిచ్చే సభలో వాదన లేచింది. పరుగెత్తేవాళ్లు గట్టివాళ్లా, ఈతగాళ్లా? అక్కడున్న అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ మూడో పక్షాన్ని తెచ్చాడు. ఆక్సిజన్‌ను వాడుకునే శక్తిని కొలిస్తే బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్‌దే అందరికంటే ఎక్కువట, మరి సైకిల్ తొక్కేవాళ్ల సంగతేమిటన్నాడు. ఈ తగవు మాటలతో తెగేది కాదని ఆయనా, ఆయన భార్య జూడీ ఒక ఉపాయం ఆలోచించారు. ఆ దీవిలో వేర్వేరు రోజుల్లో జరుగుతున్న మూడు పందేలను ఒకే రోజున వరుసగా పెట్టడం. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్. మూడూ కలిపిన ట్రయథ్లాన్ అంతకు మూడేళ్ల ముందే, 1974 సెప్టెంబరులో, శాన్‌డియాగోలో చిన్న స్థాయిలో పుట్టింది. కాలిన్స్ దంపతులు దాన్ని రోజంత పొడుగు చేసి ఐరన్‌మ్యాన్ అని పేరు పెట్టారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది చివరిదాకా వచ్చారు.

ఆ రోజు మారథాన్ మొదలయ్యేసరికి ముందున్నవాడు జాన్ డన్‌బార్. దారిలో అతని వెంట ఉన్న సహాయకుల దగ్గర మంచినీళ్లు అయిపోయాయి. చేతికందిన బీరు ఇచ్చారు. వెనక నుంచి వచ్చిన గోర్డన్ హాలర్ అతన్ని దాటి, 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో పందెం ముగించాడు. డన్‌బార్ అరగంటకు పైగా వెనకబడ్డాడు. బీరు ఉంది కాబట్టి ఈ కథను నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నీళ్ల దగ్గరే మనసు ఆగుతుంది. రోజులో అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యే వేళకు అవి మిగల్లేదు.

ముగ్గురిలో ఎవరు గట్టి అన్న ప్రశ్నకు ఆ పందెం జవాబు ఇవ్వలేదు. ఇంకో ప్రశ్నను మన ముందు పెట్టింది. ఈ ఆటలో ఒకే మనిషి ముగ్గురవుతాడు. ఈతగాడు తన ఒంటిని సైకిల్ తొక్కేవాడికి అప్పగిస్తాడు. అతడు పరుగెత్తేవాడికి అప్పగిస్తాడు. ఏ స్థితిలో అప్పగించాడన్నదే చివరికి తేల్చుతుంది. అనుభవమున్న కోచ్‌లు కొత్తవాళ్లకు చెప్పే మాటలు, ఏళ్లుగా ఆడుతున్నవాళ్లకు చెప్పే మాటలు పైకి వేరుగా వినిపిస్తాయి. లోపల అడిగేది ఒకటే: నీ తర్వాత వచ్చేవాడికి ఏం మిగులుస్తున్నావు? ఆ వచ్చేవాడూ నువ్వే గనక ఈ ప్రశ్న మైదానంలో ఆగిపోదు.

కొత్తగా వచ్చేవాళ్లు ఐరన్‌మ్యాన్ పేరు విని బెదిరిపోనక్కర్లేదు. స్ప్రింట్ అనే చిన్న పందెంలో ఈత 750 మీటర్లు, సైకిల్ 20 కిలోమీటర్లు, పరుగు 5 కిలోమీటర్లు. దానికి సరిగ్గా రెట్టింపు ఉండే 1.5, 40, 10 కిలోమీటర్ల పందెం 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. డాక్టరు ఒప్పుకుంటే, వారానికి నాలుగైదు రోజులు కాస్త సమయం ఇవ్వగలిగితే, మామూలు మనిషి కొన్ని నెలల్లో స్ప్రింట్‌కు సిద్ధపడవచ్చు. కానీ కోచ్‌లకు మొదటి వారంలో భయం కలిగించేది బద్ధకస్తుడు కాదు, ఉత్సాహవంతుడు. ఆరంభశూరులమని మన మీద పాత అపవాదు ఒకటి ఉంది. అది మనకే ప్రత్యేకం కాదని ఏ దేశపు కోచ్‌ను అడిగినా చెబుతాడు. మొదటి వారం ఒళ్లు హూనం చేసుకుని, రెండో వారం మోకాలు పట్టుకుని, మూడో వారం కనిపించకుండా పోయేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. అందుకే వాళ్ల తొలి సలహా వినడానికి చప్పగా ఉంటుంది: ఇంకొంచెం చేయగలను అనిపిస్తుండగానే ఆపు. ఆ మిగిలిన కొంచెమే మర్నాడు నిన్ను మంచం మీంచి లేపుతుంది.

ఈత దగ్గర ఈ మాట మొదట ఒంటికి అర్థమవుతుంది. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు దట్టమైనది. బలం పెట్టి కొట్టే కొద్దీ అదీ అంత బలంగా అడ్డుకుంటుంది. టోటల్ ఇమ్మర్షన్ పద్ధతిని నెలకొల్పిన టెర్రీ లాఫ్లిన్ జీవితమంతా బోధించింది ఇదే. ముందు నీటి మీద ఒంటిని సమంగా నిలుపుకోవాలి, పొడవుగా సాచుకోవాలి. బలం సంగతి ఆ తర్వాత. కొత్తవాళ్లకు ఆయాసం వచ్చేది చేతులు చాలక కాదు, ఊపిరి బిగబట్టడం వల్ల. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ గాలిని మెల్లగా వదులుతూ ఉండాలి. లేకపోతే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, మునిగిపోతున్నామన్న బెదురు పుడుతుంది. పీల్చడం గురించే ఆందోళనపడేవాళ్లకు వదలడం నేర్పితే సగం ఈత వచ్చినట్టే.

మన ఊళ్లలో నడుముకు బెండు కట్టి బావిలోకి తోస్తే ఈత నేర్చుకున్న తరం ఒకటుంది. వాళ్లకు నీళ్లంటే జంకు లేదు. తర్వాతి తరం నలభయ్యో ఏట అపార్ట్‌మెంటు పూల్‌లో నేర్చుకుంటోంది. చెరువులోనో సముద్రంలోనో ఈ ఇద్దరికీ కొత్త పాఠం ఉంటుంది. అడుగున నల్లటి గీత ఉండదు, పక్కవాడి చెయ్యి ముఖానికి తగులుతుంది. ఆరు నుంచి పది బారలకోసారి కళ్లు పైకెత్తి గుర్తు చూసుకోవాలని కోచ్‌లు చెబుతారు. గుంపు మధ్యలో కాకుండా అంచున, కాస్త వెనక నుంచి మొదలుపెట్టమంటారు. బెదురు పుడితే వెల్లకిలా తిరిగి తేలమంటారు. కదలకుండా నిలిపి ఉంచిన పడవను పట్టుకుని సేదదీరడానికి నియమాలు కూడా ఒప్పుకుంటాయి. ఆగడం ఓడిపోవడం కాదని రాతపూర్వకంగా ఒప్పుకున్న ఆట ఇది.

సైకిల్ దగ్గర అసలు పరీక్ష. మొత్తం సమయంలో దాదాపు సగం దాని మీదే గడుస్తుంది. నీళ్లలోంచి వచ్చిన గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది. మొదటి పావుగంట దాన్ని నెమ్మదించనివ్వమంటారు. బరువైన గేరులో తొడలను పిండుకోవద్దు, తేలిక గేరులో నిమిషానికి 85-95 చుట్లు తిప్పమంటారు. కానీ రోడ్డు బాగుంటుంది, గాలి తగులుతుంది, పక్కనుంచి ఎవరో దూసుకుపోతారు. వాళ్లను పోనివ్వడం కంటే కష్టమైన పని ఆ గంటలో ఇంకోటి లేదు. సైకిల్ తొక్కేవాడిది ఒకటో తారీఖు మనస్తత్వం. జీతం ఇప్పుడే పడింది, జేబు నిండుగా ఉంది. పరుగెత్తేవాడు ఇరవై అయిదో తారీఖున అదే ఇంట్లో కాపురం చేయాలి.

తిండి విషయంలోనూ అంతే. గంటలకొద్దీ సాగే పందెంలో గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలని సలహా ఇస్తారు. మోస్తరు అరటిపండులో ఉండేది 25 గ్రాముల చిల్లర. కొత్తవాళ్లకు ఆ లెక్క ఒక్కసారిగా పడదు, కడుపుకూ సాధన కావాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. పరుగులో కడుపు కుదుపులకు తిండి సయించదు గనక సైకిల్ మీదున్నప్పుడే తినాలి. అంటే సైకిల్ మీద తినేది పరుగువాడి అన్నం. నీళ్లు కూడా చేతికందినన్ని తాగడం మంచిది కాదు. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇక పందెం రోజున కొత్త బూట్లు, కొత్త జెల్, కొత్త టిఫిన్ ఏవీ వద్దు. పెద్ద రోజున పాత అలవాట్లే మనిషిని కాపాడతాయి.

ఒకదాని నుంచి ఇంకోదానికి మారే స్థలాన్ని ట్రాన్సిషన్ అంటారు. గడియారం అక్కడ కూడా ఆగదు. అందుకే కోచ్‌లు దాన్ని నాలుగో ఆటగా లెక్కేస్తారు. తువ్వాలు మీద వస్తువులను వాడే వరుసలో పేర్చుకోవడం, సైకిల్‌ను స్టాండు నుంచి తీయకముందే హెల్మెట్ పట్టీ బిగించుకోవడం, ఇవన్నీ ఇంటి పెరట్లోనే పదే పదే చేసి చూడమంటారు. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తితే కాళ్లు మనవి కావనిపిస్తాయి. అందుకని సాధనలోనే సైకిల్ తొక్కాక పావుగంట పరుగెత్తించి ఆ వింతను అలవాటు చేస్తారు. దాన్ని బ్రిక్ అంటారు. కొద్ది దూరం పోయాక కాళ్లు మళ్లీ మన మాట వింటాయి.

ఈ నాలుగో ఆటను మనం జీవితంలో సాధన చెయ్యం. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేవాడు ఆఫీసును మోసుకునే వస్తాడు. పిల్లలు చదువుకి వెళ్లిపోయిన ఇంట్లో తల్లి ఇంకా నలుగురికీ సరిపడా వండుతుంది. పదవీ విరమణ చేసినాయన మర్నాడు పొద్దున్నే తయారై కూర్చుంటాడు. వీళ్లలో ఎవరికీ ఏ లోపమూ లేదు. కొత్త పనికి కాళ్లు ఇంకా కుదురుకోలేదు, అంతే. ఆ తడబాటు వస్తుందని ముందే తెలిసినవాడు దానికి భయపడడు.

నెమ్మదిగా సాధన చెయ్యడం అన్నది సామర్థ్యం లేనివాళ్ల పద్ధతి అనుకుంటాం. మార్క్ అలెన్ చరిత్ర వేరేలా చెబుతుంది. హవాయి ఐరన్‌మ్యాన్‌లో అతను ఆరుసార్లు ప్రయత్నించి గెలవలేకపోయాడు. ఫిల్ మాఫెటోన్ అనే కోచ్ అతన్ని గుండె వేగానికి ఒక హద్దు పెట్టుకుని సాధన చెయ్యమన్నాడు. 180లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెకు కొద్దిగా అటూ ఇటూ. పందెంలో ఎంతో వేగంగా పరుగెత్తే మనిషి ఆ హద్దు దాటకుండా ఉండడానికి మామూలు జాగింగ్ చేసేవాడిలా కదలాల్సి వచ్చింది. నెలలు గడిచే కొద్దీ అదే గుండె వేగానికి కాళ్ల వేగం పెరిగింది. 1989లో, అప్పటికే ఆరుసార్లు నెగ్గిన డేవ్ స్కాట్‌తో దాదాపు ఎనిమిది గంటలపాటు భుజం భుజం కలిపి సాగి, మారథాన్ చివరి కిలోమీటర్లలో వచ్చే ఎక్కుడు దగ్గర అతన్ని వదిలి ముందుకెళ్లాడు. తేడా 58 సెకన్లు. ఆ తర్వాత ఇంకో అయిదుసార్లు గెలిచాడు.

పెద్ద పెద్ద క్రీడాకారుల సాధన పుస్తకాలను పరిశీలించిన శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ కూడా ఇలాంటిదే గమనించాడు. వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలిగ్గా, మాట్లాడుతూ చేయగలిగినంత నెమ్మదిగా ఉంటుంది. మిగతా 20 శాతం నిజంగా కష్టంగా ఉంటుంది. మామూలువాళ్లు చేసేది ఈ రెండూ కాదు. తేలిక రోజున కాస్త ఎక్కువ, కష్టమైన రోజున కాస్త తక్కువ చేసి, ఎప్పుడూ మధ్యలో ఉండిపోతారు. అది చదివినప్పుడు నాకు పందేలకంటే ముందు మన ఆదివారాలు గుర్తొచ్చాయి. చేతిలో ఫోను ఉంటుంది కాబట్టి అది విశ్రాంతి కాదు. ఏ పనీ పూర్తికాదు కాబట్టి అది పనీ కాదు. సోమవారానికి అప్పగించేది సగం అలిసిన మనిషిని.

ఒంటికి బలం కష్టపడుతున్నప్పుడు రాదు, కష్టపడ్డాక వదిలేసినప్పుడు వస్తుంది. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించమని కోచ్‌లు చెప్పేది అందుకే. పెద్ద పందేనికి ముందు రెండు మూడు వారాలు సాధనను బాగా కుదిస్తారు. ఆ రోజుల్లో ఆటగాళ్లకు ప్రాణం ఒకచోట నిలవదు. చేసినదంతా కరిగిపోతోందన్న అనుమానం పట్టుకుంటుంది. పని మానుకోవడమూ పనేనని ఒంటికి తెలిసినా మనసుకు తెలియదు.

ఇక పాతకాపుల సంగతి. వాళ్లతో చిక్కు వేరే రకం. కొత్తవాడికి తర్వాత వచ్చే మనిషి కనిపించడు, పాతకాపుకు ముందు వెళ్లిపోయిన మనిషి కళ్లముందు నుంచి కదలడు. ముప్పయ్యో ఏటి తన టైమింగ్‌తో యాభయ్యో ఏట పోటీపడి గాయపడతాడు. లేదా అలిగి, ఇక నెమ్మదిగా దూరాలు పోవడమే మేలని వేగాన్ని పూర్తిగా వదిలేస్తాడు. దశాబ్దాలుగా కోచ్‌గా ఉన్న జో ఫ్రీల్, తానే 70 ఏళ్ల వయసుకు చేరుతున్నప్పుడు రాసిన పుస్తకం 2015లో వచ్చింది. యాభై దాటినవాళ్ల కోసం రాసిన ఆ పుస్తకంలో ఈ రెండో తప్పు గురించి గట్టిగా చెప్పాడు. ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి, కండ వయసుతో తగ్గుతాయి. వాటిని నిలబెట్టేది తీవ్రమైన సాధన, బరువులెత్తడమే. వాటిని మానకూడదు, వాటి మధ్య ఎడం పెంచాలి. వారమంటే ఏడు రోజులే ఎందుకు కావాలి, తొమ్మిది రోజుల వారం వేసుకోమంటాడు. వయసు తీసుకెళ్లేది కష్టపడే శక్తికంటే ఎక్కువగా తేరుకునే వేగాన్ని. కొత్తవాడు ఈ పూట బలాన్ని మిగుల్చుకోవాలి, పెద్దవాడు రెండు కష్టమైన పూటల నడుమ రోజులను మిగుల్చుకోవాలి.

మార్క్ అలెన్ చివరి విజయం 1995లో, 37 ఏళ్ల వయసులో వచ్చింది. సైకిల్ దిగేసరికి జర్మనీకి చెందిన థామస్ హెల్‌రీగల్ అతనికంటే 13 నిమిషాలకు పైగా ముందున్నాడు. అంత దూరాన్ని చూసి కంగారుపడి మొదటి మైలులోనే దూకే వయసు అలెన్‌ది కాదు. మారథాన్ చివరి మైళ్ల దాకా కొద్ది కొద్దిగా తరుగుతూ వచ్చి అతన్ని దాటాడు.

ఈ లెక్క ఎంత అనుభవమున్నవాళ్లకైనా తప్పవచ్చు. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కోజుమెల్‌లో బ్రిటన్‌కు చెందిన జానీ బ్రౌన్లీ ముందు పరుగెత్తుతున్నాడు. గీత ఇంకా కొన్ని వందల మీటర్ల దూరంలో ఉండగా, ఆ ఉక్కపోతలో ఒళ్లు మాట వినడం మానేసి తూలిపోయాడు. వెనక వస్తున్న అన్న అలిస్టర్ తమ్ముడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, గీత దాకా నడిపించి, తనకంటే ముందు దాటేలా తోశాడు. దక్షిణాఫ్రికాకు చెందిన హెన్రీ షూమన్ గెలిచాడు. లోకమంతా అన్నదమ్ముల ప్రేమకు కళ్లు చెమర్చుకుంది. అన్న మాత్రం కోచ్‌లా కోప్పడ్డాడు. చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వచ్చినా వాడే గెలిచేవాడన్నాడు. మనం మిగల్చనిదాన్ని ఇంకెవరో మోయాల్సి వస్తుంది. మోసేవాళ్లు ప్రేమతోనే మోస్తారు, కానీ ఆ పందెంలో వాళ్లకూ ఒక స్థానం ఉంటుంది.

మన ఇళ్లలో ఈ మాటను పైకి అనుకోం. ప్లాటు కొంటాం, పీఎఫ్ జాగ్రత్త చేస్తాం, పిల్లల పెళ్లిళ్లకు ఇరవై ఏళ్ల ముందు నుంచి కూడబెడతాం. ఆ ప్లాటులో కట్టిన ఇంటి మెట్లు ఎక్కడానికి మోకాళ్లు మిగుల్చుకోం. డబ్బు దాచడం బాధ్యత, ఒళ్లు దాచడం సోమరితనం అన్న లెక్క మనది. ఇప్పుడు కాస్త మార్పు కనిపిస్తోంది. హైదరాబాదులో తెల్లవారకముందే గండిపేట దారిలో సైకిళ్లు బారులు తీరుతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరుచుకుంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉండే సగం ఐరన్‌మ్యాన్ 2019లో గోవాకు వచ్చాక, ట్రయథ్లాన్ కోసం విమానమెక్కి విదేశం పోవాల్సిన పని తగ్గింది. ఇందులోనూ మనవాళ్ల తొందర ఒకటి ఉంది. ఖరీదైన సైకిల్ ముందు కొంటారు, నిద్ర వేళ తర్వాత చూసుకుందామంటారు. కోచ్‌లను అడిగితే మొదట నిద్ర, ఆ తర్వాత ఒంటికి సరిపడేలా సీటు ఎత్తు సరిచేసిన మామూలు సైకిల్ చాలంటారు.

మిగుల్చుకోవడం అంటే పిసినారితనం కాదా అని సందేహం రావచ్చు. అమెరికాలో మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని ఉన్నారు. 1930లో పుట్టిన ఆమె యాభైకి దగ్గరపడుతున్నప్పుడు పరుగు మొదలుపెట్టారు, 52వ ఏట మొదటి ట్రయథ్లాన్ చేశారు. 2012లో 82వ ఏట కెనడాలో పూర్తి ఐరన్‌మ్యాన్‌ను 17 గంటల గడువులోపే ముగించారు. ఆమె వయసువాళ్లు అంతకుముందు లేకపోవడంతో నిర్వాహకులు కొత్త వయసు విభాగాలు తెరవాల్సి వచ్చింది. జపాన్‌కు చెందిన హిరోము ఇనాదా డెబ్భయ్యో ఏట ఈ ఆటలోకి వచ్చారు. 2015లో హవాయిలో అయిదు సెకన్ల తేడాతో గడువు తప్పింది. 2018లో 85వ ఏట మళ్లీ వెళ్లి గడువులోపే ముగించారు. వీళ్లు ఒంటిని దాచిపెట్టుకుని కూర్చున్నవాళ్లు కారు. రోజూ ఖర్చు పెట్టారు, మర్నాటిది మాత్రం ముట్టుకోలేదు. మర్నాటిని కూడా ఖర్చు చెయ్యకుండా వదిలేసి ఉంటే అది పిసినారితనమే అయ్యేది.

కోచ్‌ల దగ్గర చివరి సలహా ఒకటుంది, దాన్ని మాత్రం గొంతు పెంచి చెబుతారు. పరుగు ఆఖరి ఘట్టంలోకి వచ్చాక, కాళ్లలో ఇంకా ఏదైనా ఉంటే అంతా పెట్టెయ్యి. గీత దాటాక దాని విలువ సున్నా. అలెన్ ఎనిమిది గంటలు ఓపిక పట్టింది ఆ ఎక్కుడు మీద తెగించడానికే. ఈతగాడు, సైకిల్ తొక్కేవాడు, పరుగు మొదటి భాగంలో ఉన్నవాడు, అందరూ మిగుల్చుకుంటూ వచ్చింది ఆ ఆఖరి మనిషి కోసమే. అతనికి మాత్రం ఒంటిని అప్పగించడానికి ఇంకెవరూ ఉండరు, కనుక దాచుకునే హక్కు అతనికి లేదు. మనం ఆ మనిషి దాకా ఇంకా రాలేదు అనుకున్నంతకాలం కాస్త మిగుల్చుదాం. వచ్చామని తెలిసిన రోజున వెనక్కి తీసుకోకుండా ఖర్చుపెడదాం. ఈ రెంటిలో ఏ రోజు ఏది చేయాలో తెలుసుకోవడమే సాధన. ఆ తెలివి గురువు చెబితే మొదలవుతుంది, చేస్తుంటే వస్తుంది.